ఐ2సీ డ్రైవర్‌కి ఎస్‌పీఐ కూడా నేర్పాలంటే: ఏ దారి ఎప్పుడు

సెన్సర్ పాతదే. లినక్స్ కెర్నల్‌లో దానికి డ్రైవర్ ఎప్పటినుంచో ఉంది. కానీ కొత్త బోర్డులో హార్డ్‌వేర్ వాళ్లు దాన్ని ఐ2సీకి బదులు ఎస్‌పీఐ మీద పెట్టారు (రెండూ చిప్‌లు ప్రాసెసర్‌తో మాట్లాడే తీగల పద్ధతులు, అంటే బస్‌లు), డ్రైవర్‌కేమో ఐ2సీ తప్ప ఇంకోటి తెలీదు. ఎంబెడెడ్ పనిలో ఉన్నవాళ్లకి ఇది ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యేదే. "చదివే ఫంక్షన్, రాసే ఫంక్షన్ మారిస్తే సరిపోతుంది కదా" అని మీటింగ్‌లో ఎవరో ఒకరు అంటారు. కొన్ని చిప్‌ల విషయంలో నిజంగానే అంతే. కొన్నిటి విషయంలో మాత్రం ఆ రెండు ఫంక్షన్ల వెనక నెలల తరబడి పని ఉంటుంది.

ఈ పనికి స్థూలంగా ఐదు దారులున్నాయి: యూజర్‌స్పేస్ (కెర్నల్ బయట నడిచే మామూలు ప్రోగ్రామ్) నుంచే నడిపేయడం, డ్రైవర్‌ని కాపీ చేసి రెండోది రాయడం, ఉన్న ఫైల్‌లోనే రెండో బస్‌ని ఇరికించడం, కోర్‌ని (బస్‌తో సంబంధం లేని అసలు భాగాన్ని) విడదీసి రెగ్‌మ్యాప్ అనే కెర్నల్ లైబ్రరీ మీద పెట్టడం, సొంతంగా ఫంక్షన్ల పట్టిక రాసుకోవడం. డ్రైవర్ ఎన్ని లైన్లుందో చూసి వీటిలో ఒకటి ఎంచుకుంటే దెబ్బ తింటారు. చూడాల్సింది రెండు బస్‌ల తేడా డ్రైవర్‌లో ఎంత లోపలిదాకా పాకుతుందన్నది.

ముందు, అసలు అవసరమా

బోర్డు ఇంకా గీస్తున్న దశలోనే ఉంటే ఈ ప్రశ్న అడగొచ్చు. అనలాగ్ డివైసెస్ వాళ్ల ఏడీఎక్స్ఎల్345 యాక్సిలరోమీటర్‌నే తీసుకోండి. మూడు అక్షాలకీ కలిపి ఒక్కో శాంపిల్ 6 బైట్లు. ఐ2సీ మీద వాటిని చదవాలంటే చిప్ అడ్రస్, రిజిస్టర్ (చిప్ లోపలి చిన్న నిల్వ గడి) నంబర్, మళ్లీ చిప్ అడ్రస్, ఆపైన 6 బైట్లు, మొత్తం 9 బైట్లు తీగ మీద నడవాలి. ప్రతి బైట్‌కీ ఒక ఎకనాలెడ్జ్ బిట్ అదనం కాబట్టి 81 బిట్లు. 400 కిలోహెర్ట్జ్ దగ్గర అది 200 మైక్రోసెకన్ల పైమాటే. ఎస్‌పీఐ మీద 7 బైట్లు, 56 బిట్లు; ఈ చిప్‌కి గరిష్ఠమైన 5 మెగాహెర్ట్జ్ దగ్గర సుమారు 11 మైక్రోసెకన్లు. చిప్ సెకనుకి 3200 శాంపిళ్లు ఇవ్వగలదు, అంటే ఒక్కోదానికి 312 మైక్రోసెకన్లు. లెక్క ప్రకారం ఐ2సీ కూడా సరిపోయినట్టే కనిపిస్తుంది. కానీ ఖాళీ పెద్దగా మిగలదు, పైగా అదే తీగల మీద ఇంకో చిప్ కూడా ఉంటుంది. అందుకే 400 కిలోహెర్ట్జ్ ఐ2సీ మీద సెకనుకి 800 దాటొద్దని డేటాషీటే చెబుతుంది.

అంటే వైబ్రేషన్ కొలవాలంటే ఎస్‌పీఐ కావాలి. ఫోన్ అడ్డంగా తిప్పారా నిలువుగా తిప్పారా తెలుసుకోవడానికైతే ఐ2సీ చాలు, డ్రైవర్ జోలికి వెళ్లకండి. ఒకటి రెండు పిన్నులు మార్చడం ఇప్పుడు సులువు. రెండు బస్‌ల డ్రైవర్‌ని ఏళ్ల తరబడి టెస్ట్ చేయడం సులువు కాదు.

త్వరగా పక్కన పెట్టదగ్గ రెండు దారులు

యూజర్‌స్పేస్ దారి ల్యాబ్‌కి బాగుంటుంది. ఎస్‌పీఐ డెవ్ ఫైల్ తెరిచి నాలుగు బైట్లు పంపి చిప్ ఐడీ వస్తోందో లేదో చూడటానికి ఇంతకు మించిన సాధనం లేదు. తీగలు సరిగ్గా ఉన్నాయని ఇలా తేల్చుకోకుండా డ్రైవర్ మొదలుపెట్టొద్దు కూడా. కానీ ఉత్పత్తిలోకి ఇదే వెళ్తే ఇంటరప్ట్, పవర్ మేనేజ్‌మెంట్, బఫర్, టైమ్‌స్టాంప్ అన్నీ మీరే మళ్లీ కట్టుకోవాలి. ఐ2సీ బోర్డు మీద నడిచే అప్లికేషన్ కెర్నల్ ఇంటర్‌ఫేస్‌ని చదువుతుంటే ఎస్‌పీఐ బోర్డు మీద వేరే కోడ్ నడుస్తుంది. పైగా డివైస్ ట్రీలో (బోర్డు మీద ఏమేం ఉన్నాయో కెర్నల్‌కి చెప్పే వివరణలో) కంపాటిబుల్ అనే గడి దగ్గర ఉత్తి "ఎస్‌పీఐడెవ్" అని రాస్తే కెర్నల్ ఒప్పుకోదు. అక్కడ అసలు హార్డ్‌వేర్ పేరు ఉండాలి.

కాపీ దారి, అంటే పాత ఫైల్‌ని అలాగే ఇంకో పేరుతో పెట్టి ఐ2సీ పిలుపుల్ని ఎస్‌పీఐ పిలుపులుగా మార్చడం, వెండర్ ఇచ్చే బీఎస్‌పీ (బోర్డ్ సపోర్ట్ ప్యాకేజ్) కోడ్‌లో విరివిగా కనిపిస్తుంది. ఒక్క రోజులో పనవుతుంది. ఆ తర్వాత ఒక ఫైల్‌లో సరిచేసిన బగ్ రెండోదాంట్లో బతికే ఉంటుంది. మెయిన్‌లైన్‌కి (అధికారిక కెర్నల్‌కి) పంపితే మెయింటెయినర్ మొదటి జవాబులోనే తిప్పి పంపుతారు. ఒకే చిప్‌కి రెండు డ్రైవర్లుంటే ఎలా ఉంటుందో కెర్నల్‌కి అనుభవమే: ఏడీఎక్స్ఎల్345కి ఇన్‌పుట్ విభాగంలో ఒకటి, సెన్సర్ల కోసమున్న ఐఐఓ విభాగంలో ఒకటి ఉన్నాయి. అక్కడ కారణం బస్ కాదు, వేర్వేరు సబ్‌సిస్టమ్‌లు. అయినా ఒకటి ఆన్ చేస్తే రెండోది రాకుండా కాన్ఫిగ్‌లో (కెర్నల్‌లో ఏవి కట్టాలో ఎంచుకునే చోట) అడ్డుకట్ట వేయాల్సి వచ్చింది. ఒక్క సందర్భంలోనే కాపీ సబబు: పేరు ఒకటే అయినా ఎస్‌పీఐ రకం చిప్ లోపల రిజిస్టర్ల అమరిక పూర్తిగా వేరైతే. అప్పుడది కాపీ కూడా కాదు, వేరే చిప్‌కి వేరే డ్రైవర్.

ఒకే ఫైల్‌లో రెండూ

ఇది నిజంగా ఊరించే దారి. ఫైల్ చివర ఎస్‌పీఐ ప్రోబ్ (పరికరం దొరికినప్పుడు కెర్నల్ పిలిచే ఫంక్షన్) ఒకటి చేర్చి, చుట్టూ రెండు ఇఫ్‌డెఫ్‌లు (కాన్ఫిగ్‌ని బట్టి కోడ్‌ని ఉంచే, తీసే గుర్తులు) పెడితే డిఫ్ చిన్నగా ఉంటుంది, రివ్యూ తేలిగ్గా అయిపోతుందనిపిస్తుంది.

ఎన్ఎక్స్‌పీ వాళ్ల ఎస్‌సీ16ఐఎస్7ఎక్స్ఎక్స్ సీరియల్ పోర్ట్ చిప్‌ల డ్రైవర్ సరిగ్గా ఈ దారినే నడిచింది. 2014లో ఐ2సీతో వచ్చింది, 2015లో అదే ఫైల్‌లో ఎస్‌పీఐ చేరింది. చివరికి 2024లో దాన్ని కోర్, ఐ2సీ, ఎస్‌పీఐ అని మూడు ముక్కలు చేశారు. అంతకాలం అది పని చేయలేదని కాదు, చేసింది. కానీ ఆ ఫైల్ తెరిచినవాళ్లకి కొన్ని ముళ్లు గుచ్చుకునేవి.

మొదటిది కాన్ఫిగ్. కెర్నల్‌లో ఐ2సీని మాడ్యూల్‌గా (తర్వాత లోడ్ చేసే విడి ముక్కగా) కట్టుకోవచ్చు, ఎస్‌పీఐని కట్టుకోలేం. అది ఉంటే కెర్నల్‌లోనే ఉంటుంది, లేకపోతే లేదు. మీ డ్రైవర్‌ని కెర్నల్‌లోనే కలిపేసి, ఐ2సీని మాడ్యూల్‌గా పెట్టారనుకోండి. లింక్ దశలో ఐ2సీ ఫంక్షన్లు దొరక్క బిల్డ్ పడిపోతుంది. దాన్ని తప్పించడానికి కాన్ఫిగ్‌లో "ఎస్‌పీఐ ఉండి ఐ2సీ లేకపోవాలి, లేదా ఐ2సీ ఉండాలి" అనే వింత షరతు రాయాలి. చదివినవాళ్లెవరికైనా పొరపాటున రాశారేమో అనిపిస్తుంది. కానీ అది పొరపాటు కాదు. ఐ2సీ మాడ్యూల్ అయినప్పుడు డ్రైవర్‌ని కూడా మాడ్యూల్‌గానే ఉండమని చెప్పే పద్ధతి అది.

రెండోది ఇనిట్, అంటే మాడ్యూల్ లోడైనప్పుడు నడిచే ఫంక్షన్. ఐ2సీ డ్రైవర్‌ని నమోదు చేసే రెడీమేడ్ మ్యాక్రో ఒకటుంది, ఎస్‌పీఐకి ఇంకోటుంది. రెండూ లోపల మాడ్యూల్ ఇనిట్‌నే నిర్వచిస్తాయి కాబట్టి ఒకే మాడ్యూల్‌లో రెండూ కుదరవు. చేత్తో ఇనిట్ రాయాలి: ఐ2సీ నమోదై ఎస్‌పీఐ విఫలమైతే మొదటిదాన్ని వెనక్కి తీయాలి, ఎగ్జిట్‌లో తిరగేసిన వరుసలో విప్పాలి, ప్రతి మెట్టు చుట్టూ మళ్లీ ఇఫ్‌డెఫ్. ఈ వెనక్కి తీసే దారులే ఎవరూ టెస్ట్ చేయనివి.

ఎప్పుడు ఎంచుకోవచ్చంటే: డ్రైవర్ రెండు మూడు వందల లైన్లది, ఎప్పటికీ మీ ప్రాడక్ట్ ట్రీలోనే ఉంటుంది, ఐ2సీ, ఎస్‌పీఐ రెండూ కెర్నల్‌లోనే కట్టుకున్నారు. అలాగైతే కానివ్వండి. అప్‌స్ట్రీమ్‌కి (మెయిన్‌లైన్‌కి) మాత్రం వద్దు.

కోర్, రెండు జిగురు ఫైళ్లు, మధ్యలో రెగ్‌మ్యాప్

నన్నడిగితే పదింట ఎనిమిది సెన్సర్లకి ఇదే జవాబు. రెగ్‌మ్యాప్ 2011లో 3.1 కెర్నల్‌తో వచ్చింది. ఆడియో కోడెక్‌ల డ్రైవర్లలో రిజిస్టర్లు చదివే, రాసే, గుర్తుపెట్టుకునే కోడ్‌ని అందరికీ పనికొచ్చేలా బయటికి తీశారు. కోర్ ఫైల్‌కి "ఈ రిజిస్టర్ చదువు, ఆ బిట్ మార్చు" అని మాత్రమే తెలుస్తుంది. ఏ తీగ మీద అన్నది ఐ2సీ ఫైల్‌కో ఎస్‌పీఐ ఫైల్‌కో వదిలేస్తుంది. ఆ జిగురు ఫైళ్లు ఒక్కోటి వంద లైన్లు కూడా దాటవు చాలాసార్లు. ఐఐఓ విభాగంలోని ఏడీఎక్స్ఎల్345 డ్రైవర్ ఇలాగే కోర్, ఐ2సీ, ఎస్‌పీఐ ఫైళ్లుగా ఉంటుంది. ఎస్‌పీఐలో చదవాలంటే అడ్రస్ బైట్‌లో 7వ బిట్ పెట్టాలి, వరుసగా ఎక్కువ బైట్లు కావాలంటే 6వ బిట్ కూడా పెట్టాలి. రెగ్‌మ్యాప్ కాన్ఫిగ్‌లో ఒక మాస్క్ (పెట్టాల్సిన బిట్ల నమూనా) ఇస్తే ఆ పని అయిపోతుంది. 7వ బిట్ ఒక్కటే చాలనుకునే చిప్ అయితే అదీ అక్కర్లేదు, ఎస్‌పీఐ రెగ్‌మ్యాప్ దాన్ని తనంతట తానే పెడుతుంది.

అన్ని చిప్‌లూ ఇంత మంచివి కావు. బాష్ బీఎంపీ280 ప్రెషర్ సెన్సర్‌లో రిజిస్టర్ నంబర్లలోనే 7వ బిట్ ఉంటుంది. కొలత మొదలుపెట్టే కంట్రోల్ రిజిస్టర్ హెక్స్ ఎఫ్4. ఎస్‌పీఐలో అదే 7వ బిట్‌ని చిప్ "ఇది చదవడం" అనే గుర్తుగా చూస్తుంది. అందుకని ఎఫ్4కి రాయాలంటే తీగ మీద 74 అని పంపాలి. మీరు ఎఫ్4 అనే పంపితే చిప్ దాన్ని చదివే ఆదేశమనుకుంటుంది, మీ విలువ గాలిలో కలిసిపోతుంది, ఎర్రర్ ఏమీ రాదు. ఎస్‌పీఐలో ఐ2సీలా ఎకనాలెడ్జ్ ఉండదు కాబట్టి అవతలివైపు విన్నదో లేదో బస్ నుంచి తెలిసే మార్గమే లేదు. రెగ్‌మ్యాప్ మాస్క్‌లు బిట్‌ని పెట్టగలవు కానీ తీసేయలేవు. అందుకే బీఎంపీ280 ఎస్‌పీఐ ఫైల్‌లో రాసే ముందు ఆ బిట్‌ని చెరిపే చిన్న సొంత రెగ్‌మ్యాప్ బస్ ఒకటి రాశారు. అది ఎస్‌పీఐ ఫైల్‌లోనే ఉండిపోయింది, కోర్‌కి దాని వాసన కూడా తగలదు. ఈ దారి మంచిదనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

తేడా కోర్‌లోకి కాస్త కారే చిప్‌లూ ఉన్నాయి. బాష్ బీఎంఐ160ని ఎస్‌పీఐ మీద లేపాక హెక్స్ 7ఎఫ్ రిజిస్టర్‌ని ఒకసారి ఉత్తినే చదవాలి, అప్పుడే అది ఎస్‌పీఐ మోడ్‌లోకి మారుతుంది. చిప్‌ని లేపేది కోర్ కనుక, "నువ్వు ఎస్‌పీఐ మీదున్నావా" అనే ఒక బూల్‌ని (అవును, కాదు అనే విలువని) కోర్ ప్రోబ్‌కి పంపుతున్నారు. ఇన్వెన్‌సెన్స్ ఎంపీయూ6050 కుటుంబం డ్రైవర్ ఇదే సమస్యని ఇంకోలా తీర్చింది: ఎస్‌పీఐ మీద ఉన్నప్పుడు చిప్‌లోని ఐ2సీ ఇంటర్‌ఫేస్‌ని ఆపేయాలి, ఆ పని చేసే ఫంక్షన్‌ని జిగురు ఫైల్ కోర్ ప్రోబ్‌కి అందిస్తుంది, కోర్ సరైన సమయంలో దాన్ని పిలుస్తుంది. ఈ రెండిట్లో నా ఓటు ఫంక్షన్‌కే. బూల్ ఒకటి చోటు చేసుకుంటే ఆరు నెలల్లో దాని చుట్టూ నాలుగు ఇఫ్‌లు మొలుస్తాయి.

రెగ్‌మ్యాప్‌కి మారేటప్పుడు ఒక గుంట ఉంది. పాత డ్రైవర్ ఎస్ఎంబస్ వర్డ్ రీడ్ (ఐ2సీ మీద 16 బిట్లు ఒకేసారి చదివే పిలుపు) వాడుతుంటే అది చిన్న బైట్ ముందు వచ్చే పద్ధతి. 16 బిట్ల విలువలతో రెగ్‌మ్యాప్ పెడితే ఐ2సీ, ఎస్‌పీఐ రెండిట్లోనూ పెద్ద బైట్ ముందు అన్నదే దాని డిఫాల్ట్. కాన్ఫిగ్‌లో ఎండియన్ (ఏ బైట్ ముందు అన్నది) చెప్పకపోతే అంకెలు తారుమారై వస్తాయి. ఉష్ణోగ్రత పిచ్చిగా గెంతుతోందంటే ముందు ఇక్కడ చూడండి.

పట్టిక రాసుకోక తప్పని చోట

రెగ్‌మ్యాప్ రాకముందు అందరూ చేసింది ఇదే. ఏడీఎక్స్ఎల్ పాత ఇన్‌పుట్ డ్రైవర్‌లో బస్ రకం, చదవడం, కట్టగా చదవడం, రాయడం, అంతే ఉన్న ఒక స్ట్రక్ట్ ఇప్పటికీ కనిపిస్తుంది. ఈరోజు సెన్సర్‌కి అలాంటిది కొత్తగా రాస్తే రివ్యూలో "రెగ్‌మ్యాప్ ఎందుకు వాడలేదు" అని అడుగుతారు, జవాబు ఉండదు.

జవాబు ఉండే చోటు వేరే: డేటా రిజిస్టర్ల గుండా కాకుండా ఇంకో దారిలో పారే పరికరాలు. వైఫై చిప్‌లు దీనికి మంచి ఉదాహరణ. రియల్‌టెక్ ఆర్‌టీడబ్ల్యూ88 డ్రైవర్ 2019లో 5.2 కెర్నల్‌తో పీసీఐ ఎక్స్‌ప్రెస్‌కి మాత్రమే వచ్చింది. యూఎస్‌బీ మద్దతు 2023 ఫిబ్రవరిలో 6.2తో, ఎస్‌డీఐఓ అదే ఏడాది 6.4తో చేరాయి. రిజిస్టర్ చదవడం, రాయడంతో పాటు ప్యాకెట్‌ని క్యూలో పెట్టడం, బయల్దేరదీయడం, మొదలుపెట్టడం, ఆపడం అన్నీ ఒక పట్టికలో ఉంటాయి. ప్రతి బస్ తన పట్టికని నింపి ఇస్తుంది. పీసీఐకి డీఎంఏ (ప్రాసెసర్ కదపకుండానే డేటా మెమరీలోకి, బయటికి వెళ్లే పద్ధతి) రింగులు, యూఎస్‌బీకి యూఆర్‌బీలు (యూఎస్‌బీ అభ్యర్థనలు). ఈ తేడాని రెగ్‌మ్యాప్‌లో దూర్చలేరు.

కానీ అసలు కష్టం పట్టికలో లేదు. పీసీఐలో రిజిస్టర్ చదవడమంటే మెమరీ చదవడమే, స్పిన్‌లాక్ (పట్టుకున్నంతసేపూ నిద్రపోకూడని తాళం) పట్టుకుని కూడా చేయొచ్చు. యూఎస్‌బీలో అదే పని ఒక కంట్రోల్ ట్రాన్స్‌ఫర్. పిలిచినవాడు నిద్రపోయి జవాబు కోసం ఆగాలి. స్పిన్‌లాక్ పట్టుకుని నిద్రపోతే కెర్నల్ ఊరుకోదు. అందుకే యూఎస్‌బీ ప్యాచ్‌ల ముందు భాగమంతా కోర్‌ని సవరించడమే: అనవసరమైన లాక్‌లు తీసేయడం, స్టేషన్ల జాబితాని నిద్రకి వీలైన పద్ధతిలో తిరగడం. యూఎస్‌బీ ఫైల్ ఆ తర్వాతే వచ్చింది.

మీ డ్రైవర్‌కీ ఇదే పరీక్ష పెట్టండి. ఐ2సీ నుంచి ఎస్‌పీఐకి వెళ్తుంటే రెండూ నిద్రపోయేవే, లాక్‌ల గొడవ లేదు. మెమరీ మ్యాప్ నుంచి ఐ2సీకో ఎస్‌పీఐకో యూఎస్‌బీకో వెళ్తుంటే ప్రతి స్పిన్‌లాక్‌నీ, ప్రతి ఇంటరప్ట్ హ్యాండ్లర్‌నీ, ప్రతి టైమర్‌నీ తెరిచి చూడాలి. రెగ్‌మ్యాప్ వాడినా ఇది తప్పదు; మెమరీ మ్యాప్ అయితే అది లోపల స్పిన్‌లాక్ వాడుతుంది, ఐ2సీ, ఎస్‌పీఐ అయితే మ్యూటెక్స్ (పట్టుకుని నిద్రపోగలిగే తాళం). పై కోడ్ మారకపోయినా నియమాలు మారిపోతాయి. మేనేజర్‌కి టైమ్ చెప్పే ముందు చూసుకోవాల్సింది ఇదే.

ఏ దారైనా తగిలేవి

ఎస్‌పీఐ కంట్రోలర్ మీరిచ్చిన బఫర్‌ని నేరుగా డీఎంఏకి ఇచ్చేయొచ్చు. కాబట్టి స్టాక్ మీది లోకల్ అర్రేని ఎస్‌పీఐ ట్రాన్స్‌ఫర్‌కి ఇవ్వకూడదు. ఐ2సీలో ఇన్నాళ్లూ నడిచిపోయిన కోడ్ ఇక్కడ పట్టుబడుతుంది, అది కూడా కొన్ని ప్లాట్‌ఫామ్‌ల మీదే, అప్పుడప్పుడూ. బఫర్‌ని డ్రైవర్ స్టేట్ స్ట్రక్ట్ చివర డీఎంఏ అలైన్‌మెంట్‌తో పెట్టండి. రాసి చదివే చిన్న హెల్పర్ ఫంక్షన్ తన సొంత బఫర్‌లోకి కాపీ చేసుకుంటుంది కాబట్టి దానితో ఈ చింత లేదు.

డివైస్ ట్రీలో రెండు బస్‌లకీ ఒకే కంపాటిబుల్ పేరు ఉండాలి. ఏ బస్ అన్నది నోడ్ ఎవరి కింద ఉందో దాన్ని బట్టే తెలుస్తుంది. పేరు చివర "ఎస్‌పీఐ" అని తగిలించకండి. బైండింగ్ స్కీమాలో (డివైస్ ట్రీ నోడ్‌లో ఏమేం ఉండాలో చెప్పే ఫైల్‌లో) ఎస్‌పీఐ పరికరాల ఉమ్మడి గుణాల ఫైల్‌ని కలిపితే గరిష్ఠ ఫ్రీక్వెన్సీ లాంటివి వస్తాయి.

డివైస్ ట్రీ పట్టిక ఉంది కదా అని ఎస్‌పీఐ ఐడీ పట్టికని (డ్రైవర్ నడిపే చిప్‌ల పేర్ల జాబితాని) వదిలేయకండి. డివైస్ ట్రీ నుంచి పుట్టిన ఎస్‌పీఐ పరికరం కూడా యూజర్‌స్పేస్‌కి తన పేరుని ఎస్‌పీఐ అనే ముందుమాటతోనే చెబుతుంది. ఐడీ పట్టిక లేకపోతే మాడ్యూల్ దానంతటది లోడ్ కాదు, చేత్తో లోడ్ చేస్తే పని చేస్తుంది. "నా బోర్డు మీద పని చేస్తోంది" అనే వాదన చాలాసార్లు ఇక్కడినుంచే మొదలవుతుంది. కొత్త కెర్నల్‌లు దీని గురించి లాగ్‌లో హెచ్చరిస్తున్నాయి కూడా.

ప్యాచ్‌ల వరుస ఇలా పెట్టుకోండి. మొదట ఐ2సీ ఒక్కదానితోనే రెగ్‌మ్యాప్‌కి మార్చడం. తర్వాత ఫైల్‌ని విడదీయడం. ఇందులో ప్రవర్తన ఒక్క బిట్ కూడా మారకూడదు, గిట్ దాన్ని పేరు మార్పుగా గుర్తించాలి. తర్వాత బైండింగ్, చివర ఎస్‌పీఐ ఫైల్. రెండోదాన్నీ నాలుగోదాన్నీ ఒకే ప్యాచ్‌లో కలిపితే ఎవరూ మనసు పెట్టి చదవలేరు. పాత ఐ2సీ బోర్డు ఒకటి బల్ల మీద ఉంచుకుని ప్రతి మెట్టు తర్వాతా దాని మీద నడపండి, ఎందుకంటే ఎస్‌పీఐ పని చేయకపోతే మీ ఒక్కరికే ఇబ్బంది, ఐ2సీ చెడితే ఇప్పటికే వాడుతున్న అందరికీ.

ఆ వాడుతున్నవాళ్ల కోసమే ఇంకొకటి. విడదీసేటప్పుడు పాత కాన్ఫిగ్ పేరుని గొడుగుగా అలాగే ఉంచి, దాని కింద ఐ2సీ, ఎస్‌పీఐ ముక్కల్ని దాచిన ఎంపికలుగా పెట్టండి. బీఎంపీ280లో అలాగే చేశారు. పేరు మార్చేస్తే పాత కాన్ఫిగ్ ఫైల్‌తో కొత్త కెర్నల్ కట్టినవాళ్లకి డ్రైవర్ చప్పుడు లేకుండా మాయమవుతుంది. మాడ్యూల్ పేరు కూడా అంతే. విడదీశాక పాత పేరుతో లోడయ్యేది కోర్ ఒక్కటే, అది ఏ పరికరాన్నీ పట్టుకోదు. ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ (బూట్ మొదట్లో వాడే చిన్న ఫైల్ సిస్టమ్) జాబితాల్లో, బూట్‌లో లోడ్ చేసే మాడ్యూళ్ల ఫైల్‌లో పాత పేరు చేత్తో రాసుకున్నవాళ్లు దాన్ని ఐ2సీ మాడ్యూల్ పేరుగా మార్చుకోవాలి. ఈ ముక్క కమిట్ మెసేజ్‌లో ఒక లైన్ రాయండి.